తని మొదలైతే పాజ్ నొక్కేవాళ్ళం

మీరేం పని చేసేవారు అని ఈ కాలం పిల్లలు అడిగితే జవాబు చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందే. కచేరీల క్యాసెట్లు మార్చుకునేవాణ్ణి అంటే, అదీ ఒక పనేనా అన్నట్టు చూస్తారు. వాళ్ళ తప్పేం లేదు. మా నాన్న కూడా అచ్చం అలాగే చూసేవాడు. ఆయనది వరంగల్ చౌరస్తాలో కిరాణా కొట్టు. పెదనాన్నది బట్టల దుకాణం, మేనమామది గిన్నెల దుకాణం. ఇంతమంది వ్యాపారుల మధ్య పెరిగి, పప్పూ ఉప్పూ అమ్మకుండా గాలిలో కలిసిపోయే పాటల్ని డబ్బాల్లో పెట్టి కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అయితే బేరం మాత్రం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. కావలసిన వస్తువు వైపు చూడకుండా పక్క వస్తువు ధర అడగడం నాకు నడకతో పాటే వచ్చింది.

పొట్ట కోసం సినిమా పాటల రికార్డింగ్ సెంటర్ నడిపాను. నా పిచ్చి వేరు. హన్మకొండలోనూ వరంగల్లోనూ ఎక్కడ పాటకచేరీ జరిగినా వెళ్ళి, మైకు సెట్టు అతన్ని బతిమాలి, వైరు తగిలించి రికార్డు చేసుకునేవాణ్ణి. నాలాంటి పిచ్చివాళ్ళు ఈ ఊళ్ళో ఇంకొందరు ఉండేవారు. మాలో మాకు రూపాయి నడవదు. కచేరీకి కచేరీ. డబ్బు పేరెత్తితే ఆ మనిషిని మళ్ళీ గడప తొక్కనిచ్చేవాళ్ళం కాదు. కానీ మా బేరాల ముందు మా మేనమామ గిన్నెల బేరం దిగదుడుపే. నా దగ్గర లేని కచేరీ అవతలివాడి దగ్గర ఉందని తెలిస్తే, "గా కచేరీనా? గొంతు బాగలేదంటగదా ఆ రోజు" అని మొదలుపెట్టేవాణ్ణి. వాడూ తక్కువవాడు కాదు, "అవునన్నా, నువ్వు తీసుకోకు, వేస్టు" అనేవాడు. ఇలా ఇద్దరం ఒకే కచేరీని తిట్టుకుంటూ చివరికి మార్చుకునేవాళ్ళం.

మా లోకంలో ఒక అలవాటు ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కచేరీ పెద్దది, క్యాసెట్ చిన్నది. దేన్నో ఒకదాన్ని వదలాలి. కచేరీలో పెద్ద కీర్తన పాడాక గాయకుడు కాసేపు ఊరుకుంటాడు. అప్పుడు మృదంగం వాయించే మనిషి ఒక్కడే తన విద్యంతా చూపిస్తాడు. దాన్ని తని ఆవర్తనం అంటారు. జనం దాన్ని చాయ్ టైం అంటారు. సగం హాలు లేచి బయటికి వెళ్తుంది. మేమేమో పాజ్ బటన్ నొక్కేవాళ్ళం. మళ్ళీ గొంతు వినబడగానే వదిలేవాళ్ళం. అలా తని లేని కాపీని 'క్లీన్ కాపీ' అనేవాళ్ళం. నమ్మండి, క్లీన్ కాపీకి మారకంలో గిరాకీ ఎక్కువ.

ఇక అసలు సంగతి. షాపు చివరి రోజుల్లో నేను చేసేదంతా పాత క్యాసెట్లలోని గొంతుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడమే. బూజు పట్టిన టేపులు, తెగిన టేపులు. వాటి దుమ్ముకు దగ్గు పట్టుకుంది. దుకాణం ఎప్పుడు ఖాళీ చేస్తావని ఓనరు అడుగుతున్నాడు, ఎప్పుడు మానేస్తావని మా ఆవిడ అడుగుతోంది. నాకూ ఓపిక అయిపోయింది. అట్లాంటప్పుడు కొత్తవాడ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటిన మనిషి. చేతిలో టిఫిన్ డబ్బా సంచి ఉంది. స్కూల్లో టీచరట.

"కాకా, పాత కచేరీలన్నీ నీ దగ్గర ఉంటయట గదా" అంది.

"ఉంటయి బిడ్డా, ఎవరిది కావాలె?"

ఆమె ఒక పెద్ద గాయకుడి పేరు చెప్పి, ఆయన హన్మకొండలో పాడిన కచేరీ అంది. నా ఛాతీ కొంచెం ఉబ్బింది. ఆ కచేరీ ఈ జిల్లాలో మొదట రికార్డు చేసింది నేనే. దాన్ని మారకం వేసి ఎన్ని కచేరీలు సంపాదించానో నాకే గుర్తు లేదు.

"దానికి మృదంగం మా నాన్న" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టి, భజనల్లో వాయిస్తూ వాయిస్తూ ఒక పెద్ద గురువు దగ్గర చేరి మృదంగం నేర్చుకున్న మనిషి. ఊళ్ళో అందరూ సారు అనేవారు. పక్షవాతం వచ్చిందని, కుడి చెయ్యి పడిపోయిందని విన్నాను. పలకరించడానికి వెళ్ళలేదు.

క్యాసెట్ పెట్టాను. గాయకుడి గొంతు గంభీరంగా వచ్చింది. పెద్ద కీర్తన ముగింపుకు వచ్చింది. ఆమె ముందుకు వంగింది. టక్. చిన్న చప్పుడు. వెంటనే తరువాతి పాట మొదలైంది.

ఆమె నా ముఖం చూసింది. "మా నాన్న ఏడి?"

"ఆ టక్కులనే ఉన్నడు బిడ్డా" అన్నాను.

అనవసరంగా అన్నాను. ఆమె నవ్వలేదు. కుర్చీలో కూర్చుని విషయం చెప్పింది. సారుకు మాట తిరిగి వచ్చింది కానీ చెయ్యి రాలేదు. చెయ్యి లేకపోయినా నోటితో తకధిమి జతులు చెప్పి ఈమెకు పాఠం చెబుతున్నాడు. ఆమె ఒక్కతే మిగిలిన శిష్యురాలు. తనికి చివర వాయించే ముక్తాయింపు ఒకటి సారుకు ఆయన గురువు నోటి మాటగా ఇచ్చాడు. రాసుకోనివ్వలేదు. ఆ గురువు పోయాడు, తోటి శిష్యులూ పోయారు. ఇప్పుడు సారుకు దాని మొదలు గుర్తుంది, చివర గుర్తుంది. మధ్యది పోయింది.

"రోజూ కూసుంటడు కాకా. మొదలువెడతడు, ఆడికొచ్చి ఆగిపోతడు. మల్ల మొదలువెడతడు. అన్నం గూడ సరిగ తింటలేడు. అది ఇయ్యకుండ నీకేం నేర్పిన లెక్క అంటాండు. పాఠమే బందువెట్టిండు."

"మధ్యల నువ్వే ఏదన్న కలిపి చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఖాళీ ఎంతుందో తెల్వకుండ ఏం నింపుతవ్ అన్నడు. ఆ కచేరీల వాయించిన అంటాండు. గదొక్కటే ఆశ."

నేను ఫోన్లు మొదలుపెట్టాను. పాత సావాసగాళ్ళలో బతికున్నవాళ్ళందరికీ చేశాను. అందరి దగ్గరా ఆ కచేరీ ఉంది. ఎందుకుండదు, నేనే ఇచ్చాను కదా. ఒకాయన అయితే మురిసిపోతూ, "మస్తు క్లీన్ కాపీ అన్నా, ఒక్క చప్పుడుండదు" అన్నాడు. అందరి ఇళ్ళలోనూ నా టక్కే ఉంది. ఊరంతా నేను పంచిన సరుకే, తూకంలో తక్కువ సరుకు.

చివరికి మిగిలింది ఒక్కడు. ఆ రోజు హాల్లో ముందు వరుసలో ఒళ్ళో చిన్న టేప్‌రికార్డర్ పెట్టుకుని కూర్చున్న మనిషి. మార్కెట్ యార్డులో గుమస్తాగా చేసి రిటైరై వర్ధన్నపేటలో ఉంటున్నాడు. మా మారకంలోకి ఎప్పుడూ రాలేదు. ఇవ్వడు, తీసుకోడు. పడుచుతనంలో ఎన్నోసార్లు వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాను. మేమంతా ఆయన్ను పిసినారి అనేవాళ్ళం.

మోకాళ్ళ నొప్పితోనే వర్ధన్నపేట మీదుగా పోయే ఖమ్మం బస్సెక్కాను. ఆయన వాకిట్లో కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు.

"ఏం శేటూ, ఇంకా బతికే ఉన్నవా?" అన్నాడు.

"నీ క్యాసెట్ల కోసం ఆగిన అన్నా" అని పక్కన కూర్చున్నాను. కాసేపు పత్తి ధర మాట్లాడాను. వానల గురించి మాట్లాడాను. తరువాత, "ఆ హన్మకొండ కచేరీ నీ దగ్గర ఉందేమో, అంత అవసరమేం లేదులే, ఊకనే అడుగుతాన" అన్నాను.

"అవసరం లేనోనివి బస్సెక్కి ఎందుకచ్చినవ్?" అన్నాడు పల్లీ నోట్లో వేసుకుంటూ.

నా దగ్గరున్న మంచి కచేరీలు ఒక్కొక్కటీ ఎత్తాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఎవరికీ ఇవ్వనిది, నా ప్రాణంలా దాచుకున్న ఒక వేణువు కచేరీ ఉంది. అదీ ఎత్తాను. తల మళ్ళీ అడ్డంగానే ఊగింది. లేచి చెప్పులేసుకుని గేటు దాకా నడిచాను. దుకాణదారుడు వెనక్కి పిలిచే చోటు అది. ఆయన పిలవలేదు. మా వంశంలో ఎవరికీ ఇంత అవమానం జరిగి ఉండదు. నేనే వెనక్కి వచ్చాను.

"ఎందుకన్నా ఇంత పట్టుదల? చచ్చినాక మీద వేసుకొని పోతవా?"

అప్పుడు చెప్పాడు. ఎప్పుడో ఒకసారి నమ్మి ఒక క్యాసెట్ ఎవరికో ఇచ్చాడట. వారం తరువాత డబ్బా తిరిగి వచ్చింది. పైన ఆయన చేతిరాతే. లోపల మాత్రం కాపీ పెట్టి, అసలుది అవతలివాడు ఉంచుకున్నాడు. "విన్నంగనే తెలిసింది శేటూ. బిడ్డను తీస్కపోయి బిడ్డ ఫోటో ఇచ్చినట్టనిపిచ్చింది. ఆ దినం నుంచి ఎవ్వనికీ ఇస్తలేను."

ఆ పని చేసింది నేను కాదులే, అని మనసులో అనుకుని, ఇక బేరం మానేసి సారు సంగతి చెప్పాను. పక్షవాతం, ఆగిపోయిన పాఠం, మధ్యలో పోయిన ముక్క. ఆయన పల్లీలు ఒలవడం ఆపాడు.

"తని కోసమా?" అన్నాడు. "ఇన్నేండ్లల్ల తని కావాలని అడిగిన మొదటోనివి నువ్వే." చాట పక్కకు జరిపి అన్నాడు, "క్యాసెట్ గడప దాటది. సారునే ఈడికి తీసుకరా."

ఆదివారం పొద్దున ఆటోలో బయలుదేరాం. సారు, ఆయన బిడ్డ, నేను, నా ఒళ్ళో టేప్ డెక్కు, ఆమె ఒళ్ళో కంప్యూటర్. సారు బాగా చిక్కిపోయాడు. కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. దారంతా పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒక చోటికి వచ్చి ఆగేవి. మళ్ళీ మొదటికి వెళ్ళేవి.

వర్ధన్నపేట ఆయన లోపలి గదిలో చాప పరిచి ఉంచాడు. బీరువాలోంచి క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టేటప్పుడు వెంటనే వదల్లేదు. తిప్పి చూస్తే లోపల టేపును డెక్కు హెడ్డుకు ఆనించే చిన్న మెత్త ఊడిపోయి ఉంది. ఇట్లాగే పెడితే చప్పుడు రాదు, టేపు నలిగిపోతుంది. స్క్రూలు విప్పి, టేపు చుట్టల్ని నా సంచిలోని ఖాళీ క్యాసెట్ డొల్లలోకి మార్చాలి.

"ఏం చేస్తానవ్? విప్పుతానవా? ఆగు ఆగు!" అని ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"విప్పకుంటే సారుకు వినపడది అన్నా."

"తెగిందంటే నిన్ను ఈడనే పాతిపెడత."

"పాతిపెట్టు. జర ఆ అద్దాలు ఇటియ్యి ముందు."

ఆమె కొంగు అడ్డం పెట్టి ఫ్యాన్ గాలి తగలకుండా కాసింది. చుట్టలు మారాయి. స్క్రూలు బిగించాను. చొక్కా తడిసిపోయింది. ఈ పని నేను వేలసార్లు చేసి ఉంటాను, దేనికీ ఇంత భయపడలేదు. మళ్ళీ వినే అవకాశం ఉంటుందో లేదోనని మొదటిసారి మోగుతున్నప్పుడే కంప్యూటర్లోకి ఎక్కేలా వైర్లు కలిపి, ప్లే నొక్కాను.

గాయకుడి గొంతు. నా క్లీన్ కాపీ అంత బాగా లేదు, డబ్బాలోంచి వస్తున్నట్టుంది. పెద్ద కీర్తన ముగింపుకు వచ్చింది. నా వేలు దానంతట అదే పాజ్ వైపు కదిలింది. అలవాటు. వెనక్కి తీసుకున్నాను.

టక్కు రాలేదు. మృదంగం వచ్చింది.

నిజం చెప్పాలంటే దానితో పాటు అన్నీ వచ్చాయి. కుర్చీలు జరిగిన చప్పుడు, పిల్లల ఏడుపు, "చాయ్ తాగొద్దాం పారా" అన్న ఎవరిదో గొంతు, నవ్వులు. వాటి కింద ఆ మనిషి వాయిస్తూనే ఉన్నాడు. సారు కళ్ళు మూసుకున్నాడు. బిడ్డ ఆయన ముఖాన్నే చూస్తోంది. మృదంగం నిదానంగా మొదలై, చిక్కబడి, వేగం పుంజుకుంది. సారు ఎడమ చెయ్యి మోకాలి మీద లేచింది. "ఇగ వస్తాంది" అన్నాడు.

ముక్తాయింపు మొదలైంది. సరిగ్గా అప్పుడే హాల్లో ఇంకో మైకు గుర్రుమంది. "దయచేసి వినండి. గేటు ముందల పెట్టిన నీలం స్కూటర్ ఎవరిదో తీయాలె..." తని అంటే నిర్వాహకులకూ ఖాళీ సమయమే. స్కూటరు తరువాత షామియానా ఇచ్చినవారికి కృతజ్ఞతలు, పూలదండలు తెచ్చినవారికి కృతజ్ఞతలు. ముక్తాయింపును మూడుసార్లు వాయిస్తారు. మూడుసార్లూ ఆ కృతజ్ఞతల కిందే పోయింది. ప్రతిసారీ మొదలు కొంచెం వినబడింది, చివర కొంచెం వినబడింది. అంటే సారుకు గుర్తున్నంతే వినబడింది.

టేపులో గాయకుడు మళ్ళీ పాట అందుకున్నాడు. నేను ఆపేశాను. సారు ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆయన నవ్వాడు, ఒక పక్క పెదవితోనే.

"ఆ రోజు గూడ నాకిట్లనే వినబడ్డది" అన్నాడు.

కంప్యూటర్లో ఆ మాటల్ని తీసేయొచ్చు కదా అని మీరు అడుగుతారని తెలుసు. తరువాత ప్రయత్నించాను. మా మేనల్లుడి కొడుకు కొత్త కొత్త సాఫ్ట్‌వేర్లు పెట్టి చూశాడు. మాటలు పోయాయి, వాటితో పాటు మృదంగమూ పోయింది. బావిలో రాయి పడ్డట్టు ఏదో గుడగుడ మిగిలింది.

ఆ గదిలో అప్పుడు మొదట తేరుకున్నది బిడ్డ. "కాకా, మల్లొక్కసారి పెట్టు" అంది. కంప్యూటర్లోకి ఎక్కిందే పెట్టాను. ఆమె స్పీకరుకు చెవి ఆనించి వింది. "ఇంకేదో చప్పుడుంది. దగ్గర్నే. మాటల్ల గూడ ఆగుతలేదు. దెబ్బ... దెబ్బ."

నేనూ విన్నాను. తొడ మీద అరచేయి వేస్తున్న చప్పుడు. టేప్‌రికార్డర్ మైకుకు ఎంత దగ్గరగా ఉందంటే, స్కూటరు గొడవలోనూ స్పష్టంగా ఉంది. ఎవరో తాళం వేస్తున్నారు. హాలంతా చాయ్‌కి పోయినా ఒకడు పోలేదు.

వర్ధన్నపేట ఆయన గోడ వైపు చూస్తూ, "అది నా చెయ్యే" అన్నాడు. "టేపు ఒళ్ళో ఉండె గదా. పాడైతదని తెల్వదప్పుడు."

"పాడు గాలే" అన్నాడు సారు. "ఇగ ఖాళీ ఎంతో తెలుస్తది. పెట్టు. మల్ల పెట్టు."

ఆ తరువాత నేను కేవలం బటన్ నొక్కే మనిషిని. మొదలు వినబడుతుంది, మాటలు కమ్ముకుంటాయి, కింద దెబ్బలు సాగుతాయి, చివర బయటికి వస్తుంది. ఎన్ని దెబ్బల పాటు మునిగి ఉందో సారు లెక్క కట్టాడు. అంతవరకూ నింపాలి. బిడ్డ నోటితో జతి అందుకుంది. మొదటిసారి చివర రాకముందే అయిపోయింది.

"తక్కువైంది" అన్నాడు సారు. "గంత తొందరేందే? బస్సు పోతాందా?"

రెండోసారి చివర దాటి బయటికి కారింది.

"ఎక్కువైంది. ఉన్న బట్టంత పరుస్తవా? కత్తిరించు."

వర్ధన్నపేట ఆయన చాప మీద కూర్చున్నాడు. ఎవరూ అడగకుండానే తొడ మీద చెయ్యి వేయడం మొదలుపెట్టాడు, టేపులోని తన చెయ్యితో పాటు. బిడ్డ కళ్ళు మూసుకుంది. తదిగిణతొం తెగి, చీలి, మళ్ళీ కలిసింది. మాటల కింద ఆమె గొంతు నడిచింది. కృతజ్ఞతలు అయిపోయిన చోట మృదంగం బయటికి వచ్చింది. ఆమె చివరి తొం, టేపులోని తొం ఒకే దెబ్బ మీద పడ్డాయి.

నాకు లెక్క తెలియదు, సంగీతమూ అంతంతే. అయినా ఒళ్ళు జలదరించింది.

"నాన్నా, గదేనా?" అంది.

సారు కళ్ళు తెరిచి బిడ్డ వైపు చూశాడు. అబద్ధం చెప్పినా ఎవరికీ తెలియదు, ఔనంటే అందరం సంతోషంగా ఇంటికి పోతాం. నేనైతే ఔననేవాణ్ణే. సరుకు కుదిరితే చాలు, ఎక్కడిదని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

"గదేనని చెప్పలేను బిడ్డా" అన్నాడు. "మా గురువు గిట్ల విరిచిండో లేదో నా తలకాయల లేదు. కాదని గూడ చెప్పలేను. జాగా సరిపోయింది." ఎడమ చేత్తో కుడి చెయ్యిని ఎత్తి ఒళ్ళో సర్దుకున్నాడు. "నువ్వు విరిచింది మంచిగుంది. కానీ రెండోసారికి నడక మార్చాలె. మూడుసార్లు ఒక్కతీరుగ చెప్తే వినేటోడు లేచిపోతడు. కూసో సక్కగ. మొదటి నుంచి."

పాఠం బందై చాన్నాళ్ళైందని ఆమె నాకు ముందే చెప్పింది. అందుకేనేమో, వెంటనే అందుకోలేకపోయింది. ముక్కు తుడుచుకుని, చాప మీద మఠం వేసుకుని కూర్చుంది. వర్ధన్నపేట ఆయన చెయ్యి లేచింది.

నా పని అయిపోయింది. ఆటోవాడు బయట రెండుసార్లు హారన్ కొట్టాడు. మోకాళ్ళు పట్టేశాయి, ఆకలి వేస్తోంది. డెక్కు వెనక వైర్లు పీకి చుట్టడం మొదలుపెట్టాను. ప్లగ్గు నేలకు తగిలి చప్పుడైంది.

సారు కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"జర ఆగరాదయ్యా. తని నడుస్తాంది."

సగం చుట్టిన వైరు చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.